పది నిమిషాల గొంతు

“ఇంక మాట్లాడొచ్చు” అంది డాక్టరమ్మ, నా నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టాన్ని బయటికి తీస్తూ.

తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి అన్నంత మామూలుగా అంది. నాకు మాత్రం ఆ ఎత్తు కుర్చీలోంచి దూకి, ఆవిడని పట్టుకుని గిరగిరా తిప్పెయ్యాలనిపించింది. అంత ధైర్యం లేక, నేలకందని కాళ్ళు రెండూ గబగబా ఊపుకున్నాను. ఎదురుగా గోడ మీద మనిషి గొంతుని నిలువునా కోసి చూపించే బొమ్మ ఉంది. ఇన్ని వారాలూ దాని వైపు చూడకుండా తల పక్కకి తిప్పుకునేదాన్ని. ఇవాళ ఆ గులాబిరంగు కండ ఎంత ముద్దుగా కనిపించిందో చెప్పలేను.

“ఎలా అనిపిస్తోంది?” అని అడిగింది డాక్టరమ్మ.

“బాగుందంటోందండీ” అన్నాడు మా ఆయన.

ఆవిడ చేతి తొడుగులు విప్పుతూ ఆగింది. “నేను ఆవిడని అడిగాను.”

“అదేనండీ. తను ఏం చెప్తుందో నాకు తెలిసిపోతుంది. అలవాటైపోయింది” అని నవ్వాడు. నవ్వితే తన ఎడమ కన్ను కుడి కన్ను కంటే కాస్త ఎక్కువ మూసుకుంటుంది. నేను పడిపోయిందే ఆ కన్నుకి. ఇప్పటికీ, ఆ క్షణంలో కూడా, చూసి మురిసిపోయాను.

డాక్టరమ్మ నన్ను ‘ఆ’ అనమంది. అన్నాను. వచ్చింది. చాలా రోజులు మూసి ఉంచిన గదిలో కిటికీ రెక్క కదిలినట్టు కాస్త కిర్రుమంటూ, కానీ నాదే, ఎక్కడున్నా గుర్తుపట్టగలిగిన నా గొంతు. ఇవాళంతా కలిపి ఒక నిమిషం మాట్లాడమంది. రేపు పది నిమిషాలు. గుసగుసలు అసలే వద్దు, అరిచినదానికంటే అవి చేటు. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు. “గొంతు మీద బతికే మనిషివి. పొదుపు నేర్చుకో” అంది.

“ఉద్యోగం మానేసిందండీ. ఆ ఇబ్బంది లేదు” అన్నాడు మా ఆయన.

“ఎందుకు మానడం? మంచి మైకు ఉంటే చాలు, నిక్షేపంగా చేసుకోవచ్చు” అని డాక్టరమ్మ నా ముఖం కేసి చూసింది.

‘మానలేదు’ అన్న ఒక్క మాట చాలు ఆ గదిలో. నోరు తెరిచాను కూడా. ఈలోగా మా ఆయన మందుల చీటీ అందుకుని, ఆవిడకి దణ్ణం పెట్టి, నా చెయ్యి పట్టుకుని లేపేశాడు. ఇన్నాళ్ళ మౌనంలో నా నోరు తెరుచుకునే వేగం తగ్గిపోయింది. ఎదుటివాళ్ళకి నా కోసం ఆగే అలవాటు పోయింది.

నేను బస్‌స్టేషన్‌లో ప్రకటనలు చెప్పే మనిషిని. అద్దాల గది, అందులో ఒక కుర్చీ, ఒక మైకు, ఒక బుల్లి ఫ్యాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో చెప్పడం నా పని. సాహిత్యంలో డిగ్రీ చేసి బస్సుల వేళలు చదువుతావా అని మా నాన్న వెక్కిరించేవాడు. నాకేమో అంతకంటే గొప్ప సాహిత్యం కనిపించేది కాదు. ఏ ప్రకటనైనా మూడుసార్లు చెప్పాలి మా దగ్గర. మొదటిసారికి జనం తలెత్తుతారు, రెండోసారికి వింటారు, మూడోసారికి పరిగెత్తుతారు అని నాకు పని నేర్పిన సీనియరమ్మ చెప్పేది. మూడో మాట పూర్తయ్యేలోపు ఆ హాలంతా కదిలేది. మూటలు భుజాలెక్కేవి, సగం తాగిన టీలు బల్లల మీద ఉండిపోయేవి. అద్దంలోంచి చూస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఇంట్లో నేను నీళ్ళు తెమ్మంటే మా తమ్ముడు కదలడు. ఇక్కడ నేనొక మాటంటే బస్టాండు లేచి నిలబడుతుంది.

పెళ్ళికి సెలవు కావాలన్నప్పుడు మా ఇన్‌ఛార్జి, ఆ సెలవులకి సరిపడా షిఫ్టులు ముందే చేసి వెళ్ళమన్నాడు. సంతోషంగా చేశాను. పెళ్ళి సంబరంలో ఉన్న మనిషికి కొండ కూడా మెత్తగానే తగులుతుంది. చివరి రోజు గాలివాన. బస్సులన్నీ గజిబిజి. సగం పూట గడిచేసరికి మైకు చచ్చిపోయింది. వెళ్ళి చెబితే, “గొంతు పెంచండి. నోటికి ఖర్చేముంది” అన్నాడు. ఆ మాటకి అక్కడున్న డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నాకు ఎక్కువ నొప్పి. ప్లాట్‌ఫారాల మీద అటూ ఇటూ తిరుగుతూ సాయంత్రం దాకా అరిచాను. ఎక్కడో లోపల దారం తెగినట్టు అనిపించింది. రేపటి చీర గురించి ఆలోచిస్తూ పట్టించుకోలేదు.

పెళ్ళిలో నా గొంతు బొంగురు. పెళ్ళికూతురికి సిగ్గుతో మాట రావట్లేదని అందరూ ఆటపట్టించారు. నన్ను ఎరిగినవాళ్ళు మాత్రం నమ్మలేదు. మా అమ్మ నన్ను వసపిట్ట అనే పిలుస్తుంది. కొత్తింటికి వచ్చిన కొన్ని రోజులకి, ఒక పొద్దున్న మా ఆయన రెండు కాళ్ళకి రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని హడావుడిగా బయల్దేరుతుంటే పగలబడి నవ్వబోయాను. నోరు తెరుచుకుంది. చప్పుడు లేదు. గొంతులోని తీగ మీద రక్తం గడ్డకట్టి బుడిపె లేచిందన్నారు. ఆపరేషన్ అన్నారు. దానికి ముందు కొన్నాళ్ళు, తర్వాత కొన్నాళ్ళు పెదవి విప్పకూడదన్నారు. దగ్గు కూడా ఆపుకోమన్నారు.

మొదట్లో అదొక ఆటలా ఉండేది, అబద్ధం ఎందుకు. మా ఆయన అంచుకి రంగు పూసలున్న పిల్లల పలక కొనుక్కొచ్చాడు. నాకు ఏదైనా కావలిస్తే పిలవడానికి ఒక సైకిలు గంట కూడా తెచ్చాడు. తనది కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి అమర్చే పని. చేతులు ఎప్పుడూ సున్నితంగా కదులుతాయి. ఆ గంటకి చిన్న చెక్క పిడి బిగించి, నా బొటనవేలికి సరిపోతుందో లేదో చూసి మరీ ఇచ్చాడు. గదిలో కూర్చుని ట్రింగుమనిపిస్తే, గడ్డం సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చేవాడు. నేను పలక మీద ‘ఊరికే’ అని రాసి చూపించేదాన్ని. ఆ నవ్వులన్నీ నాకు గుర్తున్నాయి, వాటిని నేనెవరికీ తిరిగివ్వను. మాట ఆగాక చెవులు పెద్దవయ్యాయి. లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో దాని మూలుగుని బట్టి తెలిసేది. వాన మొదటి చినుకు ఎదురింటి రేకు మీద పడటం వినేదాన్ని. తను గడ్డం గీసుకుంటూ ఎప్పుడూ ఒకే పాటని, ఒకే చోట తప్పుగా కూనిరాగం తీస్తాడని మాట్లాడే రోజుల్లో నాకు తెలియనే లేదు.

వంటింటి సంగతి వేరు. “మాట్లాడొద్దన్నారు గానీ చేతులు ఆడించొద్దని అనలేదుగా” అన్నాడు మావయ్య, నవ్వుతూనే. నిజమే, చేతులకి ఏ రోగమూ లేదు. గిన్నెలు, బట్టలు, ఇస్త్రీ, మావయ్యకి రెండుసార్లు టీ, మధ్యలో ఆయన కళ్ళజోడు వెతకడం. ఒకరోజు వంటింట్లో ఉండగా హాల్లోంచి ట్రింగ్ ట్రింగ్ అని వినిపించింది. మా ఆయన త్వరగా వచ్చాడేమో అనుకుని పరిగెత్తాను. మావయ్య నా గంట చేత్తో పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. “పిలిస్తే పలకవు కదమ్మా, విన్నావో లేదో తెలియదు. ఇదైతే సులువు. కొంచెం టీ” అన్నాడు. సాయంత్రం పలక మీద రాసి మా ఆయనకి చూపించాను. చదివి పడీపడీ నవ్వాడు. “నాన్న భలే కనిపెట్టాడే” అన్నాడు. ఆ తర్వాత గంట హాల్లోనే ఉండిపోయింది.

భోజనాల దగ్గర పలక పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. నలుగురం. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నాకు జోకు తట్టేది, గబగబా రాసేదాన్ని. ఎత్తి చూపించేసరికి మాట ఇంకెక్కడికో వెళ్ళిపోయి ఉండేది. ఆలస్యంగా వచ్చిన జోకు చావింటికి వచ్చిన పెళ్ళిబృందం లాంటిది. “ఏంటి, ఏంటి రాసింది?” అని మావయ్య కళ్ళజోడు తడుముకునేవాడు. మా ఆయన మొదటి మాట చదివి, “ఏం లేదు నాన్నా, కూరలో ఉప్పు సరిపోయిందా అంటోంది” అనేవాడు. నేను అది రాయలేదు. అయినా అందరూ నా వైపు తిరిగి, సరిపోయింది సరిపోయింది అని ఆప్యాయంగా తలలూపేవాళ్ళు. నేనూ ఊపేదాన్ని. కొన్నాళ్ళకి రాసి, ఎవరికీ చూపించకుండానే తుడిచెయ్యడం మొదలుపెట్టాను. పలక తుడిచిన తడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ మాటల కింద కూర్చునేదాన్ని, నీళ్ళ అడుగున కూర్చున్నట్టు. పైన వెలుతురు కనిపిస్తుంది. మనుషులు కదలడం కనిపిస్తుంది. అంతే.

తను నా బదులు మాట్లాడటం మొదట ముచ్చటగా ఉండేది. మెడికల్ షాపులో, లిఫ్టులో, బంధువుల ఫోన్లలో. నా కనుబొమ్మ చూసి చెప్పేసేవాడు. చాలావరకు సరిగ్గానే చెప్పేవాడు. తర్వాత కనుబొమ్మ చూడటం మానేశాడు. ‘తనకి టీ వద్దట.’ ‘తనకి ఎండ పడదు, మీరు వెళ్ళిరండి.’ ‘తను మెట్లెక్కుతుందిలే, లిఫ్టులో మీరు వెళ్ళండి.’ నేను పక్కనే నిలబడి, నా గురించి కొత్త సంగతులు తెలుసుకునేదాన్ని.

వంటింట్లో మాత్రం అత్తయ్య మాట్లాడేది నాతో. మొదట తనలో తనే గొణుక్కుంటోందనుకున్నాను. తర్వాత చూస్తే, నా వైపు తిరిగి చెబుతోంది. “మీ మావయ్యకి చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా. పక్కింట్లో చెంచా పడితే వినబడుతుంది. నేను చెప్పిందే వినబడదు” అంది ఒకరోజు, కూరముక్కలు తరుగుతూ. ఇంకోరోజు, పెళ్ళికి ముందు తను ఒక ఆఫీసులో టైపు చేసేదాన్నని చెప్పింది. “కళ్ళు మూసుకుని చేసేదాన్ని, తెలుసా? పక్క సీటువాళ్ళు పందెం కాసేవాళ్ళు.” తర్వాత ఏమైందని రాశాను. “తర్వాతేముంది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు” అని కత్తి మళ్ళీ అందుకుంది. ముక్కలు గిన్నెలో వేస్తూ, “నీకు చెబితే బాగుంటుంది. వింటావు. పైగా బయటికి పోదు” అని నవ్వింది. ఆ నవ్వులో నన్ను కలుపుకుందో, కప్పెట్టిందో తేల్చుకోలేకపోయాను. అదే అత్తయ్య, ఆపరేషన్ ముందు నేను భయపడి ఏడుస్తుంటే తల నిమురుతూ, “ఒకవేళ గొంతు రాకపోయినా మాకేం ఇబ్బంది లేదు తల్లీ, నువ్వు బెంగపెట్టుకోకు” అంది. ఎంత ప్రేమగా అందో. ఆ ప్రేమకి నా వెన్నులోంచి చలి పుట్టింది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. నంబరు చూసి సంతోషంతో గబుక్కున పలక అందుకున్నాను. ఆ రోజు షాపు సెలవు, మా ఆయన పక్కనే ఉన్నాడు. స్పీకరు పెట్టాడు. ఎప్పుడు వస్తారు, తాత్కాలికంగా ఒక కొత్తమ్మాయిని కూర్చోబెట్టాం అని ఇన్‌ఛార్జి అడుగుతున్నాడు. నేను పలక మీద రాస్తున్నాను, నెలాఖరుకి వస్తానని చెప్పు అని. సుద్దముక్క విరిగింది. ఇంకో ముక్క తీసుకున్నాను. నా పైన మా ఆయన గొంతు వినిపిస్తోంది. “లేదండీ, ఇంక రాదు. తను కూడా అలాగే అనుకుంటోంది. ఆరోగ్యం ముఖ్యం కదా.” పలక ఎత్తి తన ముఖం ముందు పెట్టాను. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించి, మాట పూర్తిచేసుకుని, ఇన్‌ఛార్జికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పి, ఫోన్ పెట్టేశాక చదివాడు.

“అయ్యో పిట్టా, ముందే రాయొచ్చుగా” అన్నాడు.

‘ఇప్పుడు రాశాగా’ అని రాశాను. ‘నేను మానను’ అని దాని కింద రాసి, రెండు గీతలు గీశాను.

“నీ గొంతు కోసమేరా. ఆ దుమ్ములో, ఆ గోలలో మళ్ళీ పాడైతే? నాకు నువ్వు కావాలి, నీ జీతం కాదు. సరే, ఇప్పుడొద్దు, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు, నా నుదుటి మీద ముద్దుపెట్టి.

తర్వాత మాట్లాడుకుందాం. మాట్లాడలేని మనిషితో.

ఇన్‌ఛార్జికి నేనే ఫోన్‌లో రాసి పంపాను, మానట్లేదని. సాయంత్రానికి జవాబొచ్చింది. ‘మీ ఆయన ఒకటి చెప్తారు, మీరొకటి రాస్తారు. ఇది గొంతు ఉద్యోగం. నెలాఖరులోపు వచ్చి మీ నోటితో చెప్పి, గొంతు వినిపిస్తే సీటు మీది. లేకపోతే కొత్తమ్మాయిని ఖాయం చేస్తాం.’ మంచం అంచున కూర్చుని అది మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. అప్పుడే మా అమ్మ ఫోన్ చేసింది. అమ్మతో నాకొక ఒప్పందం ఉంది. తను మాట్లాడుతుంటుంది, నేను ఫోన్‌ని గోటితో తడతాను. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. “అల్లుడు చెప్పాడే, ఉద్యోగం మానేస్తానన్నావట. పోనీలే, మంచి పని చేశావు. నువ్వే అన్నావటగా?” అంది. రెండుసార్లు తట్టాను. “ఆఁ?” మళ్ళీ రెండుసార్లు. గట్టిగా, ఇంకా గట్టిగా, గోరు నొప్పి పుట్టేదాకా తట్టాను. “ఏంటో టకటకమంటోంది, లైను బాగాలేదు. మళ్ళీ చేస్తాలే వసపిట్టా” అని పెట్టేసింది.

అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. పక్కగదిలో ప్రేమించే మొగుడున్నాడు. వంటింట్లో తిట్టని అత్తయ్య ఉంది. ఎవరితో చెప్పుకున్నా, నీకేం లోటే అంటారు. గాజుగదిలో కూర్చుని వందలమందికి వినిపించిన మనిషిని, ఇప్పుడు నలుగురున్న ఇంట్లో ఎవరికీ వినిపించట్లేదు. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను. ఏడుపుకి కూడా గొంతు వాడకూడదు. నోరు మూసుకుని ఏడవడం మహా కష్టం, కావాలంటే ప్రయత్నించి చూడండి. కన్నీళ్ళు వస్తాయి గానీ బరువు దిగదు.

దిగని ఆ బరువుతోనే పని మొదలుపెట్టాను. పని అంటే, మా ఆయనతో చెప్పాల్సిన మాటని తయారుచేసుకోవడం. గిన్నెలు తోముతూ, దండెం మీద బట్టలు ఆరేస్తూ లోపల కూర్చుకునేదాన్ని. మొదటి రోజు ఆ మాట ఊరి చివరిదాకా ఉంది. అందులో గంట ఉంది, ఉప్పు ఉంది, లిఫ్టు ఉంది, నువ్వు మారిపోయావు అన్న నింద ఉంది, అయినా నువ్వంటే ఇష్టం అన్న బతిమాలుడు ఉంది. మర్నాడు నింద తీసేశాను. ఇంకోరోజు బతిమాలుడు తీసేశాను. అది తీయడానికి చాలా రోజులు పట్టింది. తీసిన ప్రతిసారీ, మిగిలింది ఇంకాస్త గట్టిగా తేలింది. నా జన్మలో ఎన్నడూ నేను మాటని ఇలా చెక్కలేదు. తోచిందల్లా అనేసి, ఎదుటివాళ్ళు నవ్వితే చాలనుకునేదాన్ని. ఇన్‌ఛార్జి నోటికి ఖర్చేముందన్నప్పుడు కూడా నవ్వింది ఆ అలవాటుతోనే. ఎంత ఖర్చయిందో ఇప్పుడు నాకు తెలుసు. ఉద్యోగానికి తిరిగి వెళ్ళడం ఒక్కటే కాదు, ఆ పాడైన మైకు ముందు ఇంకెప్పుడూ కూర్చోకూడదని కూడా అలా తోముతూ తోముతూ తేల్చుకున్నాను.

పోయిన వారం మా ఆడపడుచు వచ్చింది. టీ అందిస్తుంటే నన్ను ఎగాదిగా చూసి, “కష్టమొస్తేనే మనిషి మెరుగయ్యేది. పెళ్ళిలో ఎంత గలగలలాడిందో, ఇప్పుడు చూడు. నిండుకుండ తొణకదని ఊరికే అన్నారా” అంది అత్తయ్యతో. అత్తయ్య, “మా కోడలు బంగారం. ఎదురు మాటన్నది లేదు” అంది. ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నన్ను కుండని చేసినందుకు. కానీ ఆ రోజంతా ఆ మాట కాలిలో ముల్లులా ఉండిపోయింది, ఎందుకంటే అది పూర్తి అబద్ధం కాదు. నేను మారాను. ముందు లేని గది ఒకటి నాలో కట్టుకున్నాను, అందులో తలుపేసుకుని ఆలోచించగలను. ఆ కష్టం రాకపోతే అది ఉండేది కాదు. అయితే దాన్ని కట్టింది నేను, ఇటుక ఇటుకా మోసింది నేను. వాళ్ళు దాని ముందు నిలబడి, చూశారా మా ఇల్లు ఎంత బాగుందో అంటున్నారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి స్కూటరు మీద వస్తుంటే మా ఆయన దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. “ముందు నా పేరు పిలవాలి. ఎవరితోనూ మాట్లాడకముందే. సరేనా?” అన్నాడు సిగ్నల్ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి. ఎండలో తన చెవితమ్మె ఎర్రగా మెరుస్తోంది. తన వీపుకి చెంప ఆనించాను. ఈ మనిషంటే నాకు ఇష్టం. ఇంటికెళ్ళి నేను అనబోయే మాట తర్వాత కూడా ఇలా వెనక్కి తిరిగి చూస్తాడో లేదో నాకు తెలియదు. రేపు నెలాఖరు. ఆ ఒక్క సంగతీ తనకి గుర్తులేదు.

తలుపు తీస్తూనే మావయ్య, “ఏదీ, మావయ్యా అను” అన్నాడు.

“ముందు వాణ్ణి పిలవనివ్వండి” అంది అత్తయ్య, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

“ఇవాళ ఎక్కువ వద్దన్నారమ్మా. రేపు పది నిమిషాలు” అన్నాడు మా ఆయన. చెప్పులు విప్పుతూనే ప్రకటించాడు. “అక్క వాళ్ళని రేపు భోజనానికి పిలిచేశాను. తన గొంతు వినాలని పిల్లలు గోల. మనిషికో నిమిషం మాట్లాడితే సరిగ్గా సరిపోతుంది.”

“పంచేశావన్నమాట” అని మావయ్య నవ్వాడు. “మరి నా వాటా?”

“మీకు రోజూ ఉండేదేగా. సరే, అంతమందంటే పొద్దున్నే మొదలుపెట్టాలి” అని అత్తయ్య నా వైపు తిరిగింది. “తరగడం, కడగడం నువ్వు చూసుకో. దానికి నోటితో పనిలేదుగా.”

బల్ల దగ్గర కూర్చుని గ్లాసెడు నీళ్ళు తాగాను, మెల్లగా. అందరూ నా పెదవుల వైపే చూస్తున్నారు, కొత్త బొమ్మకి తాళం తిప్పి కింద పెట్టినట్టు. ఇన్నాళ్ళలో అంతసేపు నా ముఖాన్ని ఎవరూ చూడలేదు. ఇంకా ఆగిపోవచ్చు. ‘మావయ్యా’ అని, తన పేరు పిలిచి, ఒక నవ్వు నవ్వితే ఇల్లంతా పండగ. రేపు సాయంత్రానికి ఆ కుర్చీ ఇంకొకరిది.

“నేను ఉద్యోగం మానలేదు” అన్నాను.

గొంతు చిన్నదిగా, గరుగ్గా వచ్చింది. తేనె ఎక్కడా లేదు. అయినా గది ఆ చివర దాకా వెళ్ళింది. మావయ్య నవ్వు ముఖం మీదే ఉండిపోయి, దానికి ఏం చెయ్యాలో తెలియక మెల్లగా వాడింది.

“అంటే నాన్నా, తను అనేదేంటంటే...” అని మొదలుపెట్టాడు మా ఆయన.

“నేను అన్నదే” అన్నాను.

తను నా వైపు తిరిగాడు. కోపం కంటే, దారి తప్పిన మనిషి ముఖంలా ఉంది. “తర్వాత మాట్లాడుకుందాం అనుకున్నాం కదా” అన్నాడు తగ్గు గొంతుతో.

“ఇదే తర్వాత.”

ఫ్రిజ్ గురగురమంది, ఆగింది. ఈ నిశ్శబ్దం నాకు కొత్త. ఇన్ని వారాలూ మోసింది నాది, ఇది వాళ్ళది. అందులోనూ నేను ఒంటరినే. తను నా పక్కకి వచ్చి నిలబడతాడని లోపల ఎక్కడో ఆశపడ్డాను. రాలేదు. స్కూటరు తాళాన్ని అరచేతిలో తిప్పుకుంటూ తలుపు దగ్గరే ఉండిపోయాడు. వింతగా, నాకు ఏడుపు రాలేదు. ఆ ఒంటరితనంలో కాళ్ళు కింద ఆనాయి.

“చుట్టాలొస్తుంటే ఇప్పుడా ఈ గొడవ” అన్నాడు మావయ్య, ఎవరినీ చూడకుండా.

అత్తయ్య బల్లకి అవతల నిలబడి నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. వంటింట్లో నాకు చెప్పుకున్నవన్నీ ఇప్పుడు బయటికి పోతాయని భయపడుతోందేమో అని కూడా అనుకున్నాను. ఆవిడ మాత్రం, “ఎన్నింటికి వెళ్ళాలి?” అని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగింది.

నా నిమిషంలో ఇంకొంచెం మిగిలే ఉంది.

“పొద్దున్న ఏడింటికి అత్తయ్యా. నా సీటు నాదేనని ఇన్‌ఛార్జికి చెప్పాలి, కొత్త మైకు పెట్టేదాకా అరవనని చెప్పాలి. నా పది నిమిషాలూ అక్కడికే సరిపోతాయి. భోజనానికి వచ్చేవాళ్ళతో రేపు నా బదులు మీ అబ్బాయి మాట్లాడతాడు, తనకి అలవాటే.”